ఎవరూ ఎత్తకపోతే

పప్పులో పోపు వేయబోతుంటే ఫోన్ మోగింది. మాడుగులపల్లి రైతు, మిర్యాలగూడ దుకాణానికి చేశాడు. బోరు మోటారు కాలిందట, పొలం ఎండుతోందట. నేను సూర్యాపేటలో మా పొయ్యి ముందున్నానని అతనికేం తెలుసు? ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి అతని నంబరు రాసుకున్నాను. ఈలోగా ఆవాలు మాడాయి. "మల్ల మాడగొట్టినవా? ఇంట్ల ఉండుకుంట నీకేం పరేషానే" అంది మా అత్త ధనలక్ష్మి. నా పరేషానేందో చెప్పాలంటే ముందు ఆ ఫోన్ ఆగాలి కదా.

మా ఆయన మురళీధర్‌కు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మోటార్లు, పైపుల దుకాణాలున్నాయి. పోయిన ఎండాకాలం మూడింటికీ కలిపి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాడు. అన్నిటికీ ఒకటే నంబరు. సూర్యాపేటకు ఒకటి నొక్కండి, కోదాడకు రెండు నొక్కండి అని చెప్పే గొంతు నాదే. వేరే అమ్మాయితో చెప్పిస్తే పైసలవుతాయంటే, ఇంట్ల ఆడమనిషి ఉండంగ దండుగెందుకన్నాడు. దుకాణంలో ఎవరూ ఎత్తకపోతే కాల్ ఎక్కడికి పోవాలని బిగించడానికొచ్చిన అతను అడిగాడు. మా ఆయన తలెత్తకుండా నా సెల్ నంబరు చెప్పాడు. అక్కడే నిలబడి టీ పోస్తున్న నన్ను ఒక్క మాట అడగలేదు.

మొదట్లో ఎప్పుడో ఒకటి వచ్చేది. తర్వాత దుకాణాల్లో వాళ్ళకు కిటుకు తెలిసిపోయింది. కాసేపు మోగనిస్తే చాలు, అదే వదిన దగ్గరికి పోతుంది. ఇప్పుడు స్నానానికెళ్ళినా ఫోన్ బకెట్ పక్కనే. పైగా నా సెల్ నుంచి నేనెవరికీ చేయకూడదు, లైన్ ఖాళీగా ఉండాలట. మా అమ్మతో మాట్లాడాలన్నా పక్కింటి సారమ్మక్క ఫోన్ అడుక్కోవాలి. దుకాణంలో కూర్చునేవాళ్ళకు జీతమిస్తున్నావు కదా, నాకో అని మా ఆయన్ను అడిగానొకసారి. నవ్వాడు. "మాట్లాడుడు గూడ పనేనా? ఆడోళ్ళకు మాట్లాడనీకె పైసలియ్యాల్నా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ హలో అన్నాను, ఏం చేయను.

బీఎడ్ చేసి ఇంట్లో పడి ఉన్నదాన్ని. సారమ్మక్క తెలుగు చెప్పే స్కూల్లో లెక్కల టీచర్ పోస్టు ఖాళీ అయితే, దవాఖానకు పోతున్నానని అబద్ధమాడి ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చాను. తీసుకుంటామన్నారు. ఇవాళ చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా ఆయన్ను అడిగితే మొదట ఫోన్లెవరు ఎత్తుతరన్నాడు. పొద్దున బతిమాలితే, బండి స్టార్ట్ చేస్తూ, దుకాణానికి ఫోన్ చెయ్, ఆలోచించి చెప్తనన్నాడు. ఆ ఉద్యోగం పోతే ఈ వంటింట్లో, ఈ రింగుల మధ్యే నా బతుకు ఖతమైపోతుందని భయంగా ఉంది.

మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చిన సారమ్మక్క, తిరిగి స్కూలుకు పోతూ మా గడప దగ్గర ఆగింది. "మా హెడ్మాస్టర్ సార్ అడుగుతున్నడు నవనీతా. ఇంట్ల ఒప్పుకున్నరా?" అంది. ఆమె ఫోనే తీసుకుని మా ఆయన సెల్‌కు చేశాను. ఎత్తలేదు. దుకాణం నంబరుకు చేశాను. నా గొంతే నాకు నమస్కారం పెట్టి, సూర్యాపేటకు ఒకటి నొక్కమంది. నొక్కాను. మోగుతూనే ఉంది. నేను మాటలు కూడబలుక్కుంటున్నాను. వంట చేసే వెళ్తాను, అత్తమ్మకు మందులిచ్చే వెళ్తాను, సాయంత్రం వచ్చాక ఫోన్లన్నీ నేనే చూస్తాను.

అంతలో నా రెండో చేతిలోని నా సెల్ మోగింది.

సారమ్మక్క ఫక్కున నవ్వింది, నా ముఖం చూసి ఆపేసింది. ఉద్యోగానికి పోనా అని అడగడానికి చేసిన ఫోన్, ఎత్తే దిక్కులేక నా దగ్గరికే వచ్చింది. ఏడుపొచ్చింది. లోపల్నుంచి అత్తమ్మ, ఫోన్ మోగుతాంది ఎత్తరాదే అని కేకేస్తోంది.

ఎత్తాను. సారమ్మక్క ఫోన్ ఒక చెవికి, నా ఫోన్ ఇంకో చెవికి పెట్టుకున్నాను. "నవనీత బడికి పోవచ్చునా?" అని ఒకదాంట్లో అడిగాను. రెండో చెవిలో ఆ ప్రశ్న నా గొంతుతోనే వినపడింది. కాసేపు ఆలోచించాను. "పోవచ్చు" అన్నాను రెండోదాంట్లో.

రెండు ఫోన్లూ పెట్టేసి, ఆమెది ఆమెకిచ్చాను.

"వస్తదని చెప్పక్కా," అన్నాను. "ఇంట్ల ఒప్పుకున్నరు."