రాసినామె సంతకం

"స్వర్ణా, మూడు చాయ్‌లు! అల్లం జర ఎక్కువెయ్, పెద్ద ముచ్చట నడుస్తున్నది" అని ముందుగదిలోంచి కేకేశాడు మా ఆయన ప్రేమ్‌కుమార్.

పెద్ద ముచ్చటట! ఆ ముచ్చటేమిటో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఆయనకు చెప్పింది నేనే. మొన్న మెంతికూర గిల్లుకుంటూ ఇరవై పేజీల ఇంగ్లీషు ఒప్పందం చదివాను. కోదాడ జవహర్‌గారి కంపెనీకి బిల్లుల సాఫ్ట్‌వేర్ ఉంది. మిర్యాలగూడలో మా కంపెనీకి రైసుమిల్లుల్లో వడ్లు దించుకునేటప్పుడు తూకం, తరుగు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకరిది ఒకరు వాడుకోవచ్చు, ఒకరి మీద ఒకరు కేసు వేయకూడదు. దాన్నే క్రాస్ లైసెన్సు అంటారు.

మా కంపెనీదట, నా మొహం! పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని రెండేళ్లు రాశాను దాన్ని. మిల్లులవాళ్లు "అన్నా, తూకం ఎక్కుతలేదు, లారీలన్నీ ఆగినయ్" అని ఫోన్ చేస్తే ఆయన "మా టీం చూసుకుంటది సార్" అంటాడు. టీం అంటే నేనే, ఒక చేతిలో గంటె, ఇంకో చేతిలో ఫోను. చుట్టాలొస్తే మాత్రం "మా ఆమె ఇంట్లనే ఉంటది." మా అత్త రుక్కమ్మయితే "కూసొని టిక్కుటిక్కుమని కొడితే అదొక పనా?" అని నా ముందే పక్కింటావిడను అడుగుతుంది. ఒళ్లు మండిపోతుంది.

చాయ్ తీసుకెళ్లాను. మా అత్త తలుపు పక్కన కూర్చుని ఉంది. ఒప్పందానికి వచ్చిన జవహర్‌గారు అడుగుతున్నారు. "రాసినవాళ్ల సంతకం కావాలండి. మా సాఫ్ట్‌వేర్ మా తమ్ముడు రాశాడు, వాడి చేత పెట్టించాను. మరి మీది?"

"నేనే రాసిన సార్" అన్నాడు మా ఆయన, కన్ను కూడా ఆర్పకుండా.

"అయితే ఓ మాట చెప్పండి. వడ్లల్లో తాలు గింజలూ ఉన్నాయి, తేమా ఉంది. బరువులో తరుగు ఎలా తీస్తారు?"

"రెండు శాతాలు కలిపి ఒక్కసారే తీసేస్తం."

ట్రే అక్కడే పెట్టేశాను. మా అమ్మ బక్కమ్మ ఇరవై ఏళ్లు మిల్లులో తాలు చెరిగింది. "రెండూ కలిపి కోసి రైతు నోట్ల మట్టి కొడ్తరు బిడ్డా" అని తిట్టుకునేది. ఆ తిట్టు వినే ఈ లెక్క రాశాను.

"ముందు తాలు తీస్తం. మిగిలినదాని మీదనే తేమ. కలిపి తీస్తే లేని గింజలకు గూడ తేమ కోసినట్టు" అన్నాను.

జవహర్‌గారు నా వైపు తిరిగారు. "మీరా అండీ రాసింది?"

"ఆమెనే సార్. ఇంట్లమనిషే, సంతకం పెడ్తది" అని మా ఆయన, మొన్నటి ఇరవై పేజీల్లో లేని కాగితమొకటి నా ముందుకు జరిపాడు. సర్వహక్కులూ శాశ్వతంగా కంపెనీకి ఇచ్చేస్తున్నానని ఉంది అందులో. కంపెనీ ఆయన పేరిట ఉంది.

"మీ తమ్ముడు గూడ హక్కు రాసిచ్చిండా సార్?"

"అబ్బే, వాడు ఒప్పుకోడండి! వాడుకోడానికి అనుమతే ఇచ్చాడు. హక్కు వాడిదే."

తమ్ముడు ఒప్పుకోడు. భార్యయితే చాయ్ ఇచ్చిన చేత్తోనే సంతకం పెట్టాలి.

"మొగని పేరు మీదుంటే నీ పేరు మీద లేనట్టానే?" అంది మా అత్త.

"లేనట్టే అత్తమ్మా." పెన్ను తీసుకుని సర్వహక్కులు, శాశ్వతంగా అన్న మాటలు కొట్టేశాను. ఒక ఏడాదికి అనుమతి మాత్రమే అని, రాసింది స్వర్ణ అని ప్రతి కాపీలో ఉండాలని పక్కన రాశాను. సంతకం మాత్రం పెట్టలేదు.

మా ఆయన మొహం ఎర్రబడింది. "అంటే, ఏడాదికోసారి నిన్ను అడుక్కోవాల్నా? నీ మొగుణ్ని నేను!"

"రెండు కంపెనీలు ఒకరినొకరు అడగనీకి ఇరవై పేజీలు రాసుకున్నరు. నన్ను ఒక్కమాటన్న అడిగినవా? ఏడాది దాకెందుకు, ఇప్పుడే అడుగు. జవహర్ సారు ముందట్నే అడుగు" అన్నాను.