వంటింటి గుంజలు

వంటింటి గోడ కింద తవ్విన నడుములోతు గోతిలో నిలబడి మియెన్ పొద్దుటినుంచీ ఊరే నీళ్లు తోడుతూనే ఉంది. గట్టుమీద ఆమె మొగుడు లుయాన్, గోడ బాగుచెయ్యడానికి వచ్చిన కొత్త మేస్త్రీ డొయాన్ ఐస్ కాఫీ తాగుతూ వంటింటి గోడకేసి చూస్తున్నారు. గృహప్రవేశమై ఏడాది తిరగలేదు, వెనక మూల జానెడు కుంగి, గోడ చెయ్యి దూరేంత విచ్చుకుంది.

"ఈ వరసలో పునాది కింద కర్ర గుంజలే దిగలేదయ్యా! ఈ బురదనేలలో గుంజలు దించకుండా ఎవరైనా కాంక్రీటు పోస్తారా? దగ్గరుండి చూసుకున్నదెవరు?" అన్నాడు డొయాన్.

"తొందరలో ఎవరూ చూసుకోలేదు" అన్నాడు లుయాన్.

ఎవరూ చూసుకోలేదా! మియెన్ ఇంకో బకెట్టు తోడి విసురుగా పారబోసింది. పడవలోంచి ఆ గుంజలన్నీ భుజాన మోసి దించింది తనే. పునాది వేసిననాడు వెనక వరస గుంజలు దిగకుండా మిగిలిపోయాయని మూడుసార్లు చెప్పిందీ తనే. యజమాని వయసును బట్టే ఇంటికి ముహూర్తం పెడతారు; లుయాన్ వయసుకు కుదిరిన ముహూర్తం దాటిపోతోందని ఆరోజు అందరికీ కంగారు. "ఇల్లు కట్టేది నా వయసు చూసి, నీ నోరు చూసి కాదు. పోయి పూజకి పెట్టే కోడి ఉడికిందేమో చూడు" అని లుయాన్ అంటే పనివాళ్లంతా నవ్వారు. తీరా గోడ పగిలాక అత్తగారు వాడంతా చాటింది: "మా మహాతల్లి ముట్టుతో పునాది తొక్కింది, కుంగక ఏం చేస్తుంది?" పునాది వేసేనాటికి మియెన్‌కి మూడోనెల కడుపు, ముట్టు ఎక్కడిది? ఆ సంగతి అత్తగారికీ తెలుసు. లుయాన్‌కీ తెలుసు. అయినా ఆయన తల వంచుకుని అన్నం తిన్నాడే తప్ప నోరెత్తలేదు. 'మియెన్ అప్పుడే చెప్పింది' అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆయన నోటివెంట వస్తే చాలని ఆమె ఇన్నాళ్లూ కాచుకుని ఉంది.

మధ్యాహ్నానికి కొత్త గుంజలు దిగాయి. గుంజ తల ఎప్పుడూ నీళ్లలోనే ఉండాలని, గాలి తగిలితే పుచ్చిపోతుందని చెబుతూ డొయాన్ వాటి తలల్ని ఇవాళ్టి నీటిమట్టం దగ్గరే ఆపించాడు. ఇవాళ కాలువ నిండుగా ఉంది. మియెన్ గోతిలోంచి తలెత్తింది.

"మేస్త్రీగారూ, ఇంకో రెండు మూరలు దించండి. ఎండాకాలంలో నీళ్లు ఇంతెత్తున ఉండవు. అప్పుడు గిన్నెలు తోమడానికి నేను కాలువలోకి ఇంకో నాలుగు మెట్లు దిగాలి."

"విన్నారా! ఇక గిన్నెల్ని అడిగి పునాది వేయాలన్నమాట!" అని డొయాన్ పకపకా నవ్వాడు. లుయాన్ కూడా నవ్వాడు.

కాంక్రీటు కలపడం పూర్తయింది. అప్పుడు లుయాన్ కాలువ మెట్లకేసి ఒకసారి చూసి, వచ్చి గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు.

"ఏమే, నిజంగానే అంత దిగిపోతాయా నీళ్లు?" గొంతు తగ్గించి అడిగాడు.

అడిగాడు. పెళ్లయిన ఏడేళ్లకి, మేస్త్రీకి వినబడకుండా, అడిగాడు. అవునంటే ఆ మాట ఇప్పుడే ఆయన మాటై మేస్త్రీ దగ్గరకు వెళ్తుంది. అనకపోతే, మళ్లీ కుంగే ఈ గోడ కింద బతుకంతా పొయ్యి ఊదేది తనే. అన్నీ తెలుసు. ఇన్నాళ్లూ గొంతులో కొట్టుకులాడిన మాట కోసం వెతుక్కుంటే, అక్కడ ఏమీ లేదు. ఏడుపు కూడా రాలేదు.

"నాకేం తెలుసండీ" అంది. "మీ ఇల్లు, మీ ఇష్టం."

"అదే కదా!" అని లుయాన్ తేలిగ్గా లేచి, పనివాళ్లకేసి చెయ్యూపాడు. "పోసెయ్యండ్రా!"