ఏడు నల్ల ఉంగరాలు

పళ్ళాయన పొద్దున్నే మొహం కడుక్కుని, కాఫీ కన్నా ముందు వంటింటి బల్ల మీద గోల్ఫ్ కర్రలు పరుచుకునేవాడు. ముప్పై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేశాడు కనక ఆ పేరు. ఆ పని మానేశాక ఇంట్లోనే ఈ కర్రలు బిగించి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇనుప తలా కడ్డీ కలిసేచోట ఒక నల్లటి ప్లాస్టిక్ ఉంగరం ఉంటుంది. అతుకు తెలియకుండా దాన్ని అరగదీయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఇనుము మీద గీత పడకుండా టేపు చుట్టి, సన్న ఎమరీ పేపరుతో రుద్ది, చివర్లో అసిటోన్ తడిపిన గుడ్డతో ఒక్క తుడుపు. ఉంగరం తళుక్కుమనేది.

అయితే పట్టుకెళ్ళని కర్రల ఉంగరాలు గోళ్ళలా పెరిగేవి. తెల్లారేసరికి వెంట్రుకంత. మామూలుగా వారంలోపే ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళిపోయేవారు. కానీ రేవులో పడవ టికెట్లిచ్చి రిటైరైన ఒకావిడ ఏడు కర్రలు చేయించుకుని, "వచ్చే వారం వస్తానండీ" అని వెళ్ళి నాలుగేళ్ళయింది. ఆ ఏడింటినీ రోజూ అరగదీయాల్సిందే.

ఆయనకి విసుగు లేదు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తకుండానే వయసు దాటిపోయింది. ఆ ఇంట్లో ఆయనతో పాటు బతుకుతున్నవి అవే. కొన్ని రోజులు నోరు విప్పే పనే ఉండేది కాదు. సాయంత్రం ఒకసారి దగ్గి చూసుకునేవాడు, గొంతు ఉందా పోయిందా అని.

"ఇవాళ ఎంత పెరిగాయన్నయ్యా?" అనేది కింది వాటా దర్జీ ఆవిడ.

"నిన్నటంతే."

ఆ రోజుకి మాటలైపోయినట్టే.

ఒక మంగళవారం గోరు పెట్టి చూస్తే పెరిగిన అంచు ఎక్కడా తగల్లేదు. బుధవారమూ అంతే. గురువారం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"రావాలనుకునే మనిషి ఉన్నంతకాలమే కదా పెరిగేది," అంది దర్జీ ఆవిడ. "మానుకుందేమో. వెళ్ళి చూడకూడదూ?"

"నేనెందుకెళ్ళాలి? రసీదు ఆవిడ దగ్గరుంది."

"కర్రలు నీ దగ్గరున్నాయిగా!"

శుక్రవారం రసీదు పుస్తకంలో అడ్రసు చూసుకుని, ఏడు కర్రలూ ఉన్న సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. తలుపు తీసినావిడ వెనక గదంతా అట్టపెట్టెలు. గోడలకి మేకులే మిగిలాయి. ఆవిడ కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది.

"ఇది తగ్గాక వద్దామనుకున్నానండీ. నాలుగేళ్ళూ అనుకుంటూనే ఉన్నా. ఆదివారం వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతున్నా. ఇంక ఆటెందుకులే అని మొన్న..."

"మంగళవారం," అన్నాడాయన.

ఆవిడ తలూపింది.

ఓదార్పు మాటలు ఆయనకి రావు. అలవాటు కొద్దీ చేతికేసి చూశాడు. "పిడి సన్నం. లోపల టేపు ఇంకో రెండు చుట్లు వేసి లావు చేస్తే ఈ చేతికి కుదురుతుంది. ముందు ఒకటి పట్టుకెళ్ళి చేస్తా. మిగతా ఆరూ ఇక్కడే ఉంచండి."

"ఆదివారం వెళ్ళిపోతున్నానని చెబుతుంటే?"

"సోమవారానికి గానీ అవదు."

అంత మొండిగా ఆయన ఎవరితోనూ మాట్లాడి ఎరగడు. ఆవిడ పెట్టెలకేసి ఒకసారి చూసింది.

"సరే. నేనే వచ్చి తీసుకుంటా. నాలుగేళ్ళ కింద ఇచ్చిన మాట ఒకటుందిగా."

ఆదివారం సామాన్ల కోసం వచ్చిన వ్యాన్ ఖాళీగా తిరిగి వెళ్ళింది. సోమవారం ఆవిడ కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. లావు పిడి పట్టుకుని గాల్లో ఒకసారి ఊపింది. చెయ్యి వణక్కుండా నిలబడింది. మొహం మాత్రం విప్పారలేదు.

"మీరు వదిలేసి వచ్చిన ఆరూ మా ఇంట్లో పెరుగుతున్నాయండీ. మూడు రోజులుగా," అంది. "రావాలనుకునే మనిషి ఉంటేనే పెరుగుతాయని కింద దర్జీ ఆవిడ చెప్పింది. నా కర్రలు నా ఇంట్లోనే ఉంటే నేనెక్కడికి రావాలనుకుంటాను? మా ఇంటికే ఎవరో రావాలనుకుంటున్నారు."

పళ్ళాయన చెవులు ఎర్రబడ్డాయి. కింది వాటాలో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

ఎమరీ పేపరూ, గుడ్డా, అసిటోన్ సీసా సంచిలో వేసుకుని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

"పదండి," అన్నాడు.