ఒక్క ఎర్రగీత

లక్ష్మీకుమారి హైదరాబాదులో గ్రాఫిక్ డిజైన్ చదువుతోంది. పాలడెయిరీ కోసం పూల మధ్య ఆవుతో ఆమె గీసిన లోగో చూసి మేడమ్, "అందంగా ఉంది, కానీ దూరం నుంచి ఏమీ తెలియడం లేదు" అన్నారు. పదిహేడుసార్లు మార్చినా అదే మాట.

సెలవులకు సొంతూరు హనుమంతునిపాడు వచ్చి, ఒక పొద్దున తాత అంకన్న వెంట బీడుకు పోయింది. అక్కడ పక్కూరి మంద వచ్చి తాత గొర్రెల్లో కలిసిపోయింది. ఆమె కంగారుపడింది. తాత మాత్రం గుట్టెక్కి, కర్ర చాపి ఒక్కొక్కదాన్నీ చూపిస్తుంటే కాపరులు గబగబా వేరుచేశారు.

"అంత దూరం నుంచి ఎట్ల గుర్తుపట్టినావు తాతా?"

"మన వాటి వీపున ఎర్రగీత ఉండాది గదమ్మా. పరిగెత్తినా, వానకు సగం పోయినా తెలియాల. అందుకే ఒక్కటే పెడతా."

దుమ్ములో కదిలిపోతున్న ఆ గీతలను ఆమె చూసింది. తర్వాత ఫోనులో తన లోగో చూపించింది.

"ఇన్ని పూలల్లో ఆవు యాడుందమ్మా?" అన్నాడు తాత.

ఆమె నవ్వేసింది. ఎర్రమన్ను తడిపి, బండమీద రెండు కొమ్ములు మాత్రం గీసింది. వెనక్కి నలభై అడుగులు నడిచింది. కనబడ్డాయి. ఇంకో నలభై నడిచింది. అక్కడి నుంచి కూడా అది ఆవే.