ఎర్విన్ ఇచ్చిన పరుగులు

మిసిసిపీ నది మా ఊరి బేస్‌బాల్ మైదానాన్ని ముంచిన ఏడాది అది. ఆ మైదానం చూసుకునేది నేనే. మా జట్టులో బంతి విసిరే పిచర్ ఎర్విన్‌ను ఉంచాలో తీసేయాలో తేల్చడానికి, మా జట్టును నడిపే పెద్ద జట్టు నుంచి లెక్కల మనిషి కోల్బీ వచ్చాడు.

"ఆటకు ఆరు పరుగులిస్తున్నాడు పెద్దాయనా. వీడు పైకి రాడు."

"ఇక్కడివీ, బయటి ఊళ్లవీ విడిగా చూశావా?"

"మూడో తరగతితో బడి మానేసి నాకే లెక్కలు చెప్తావేం?" అని నవ్వుతూనే కాగితాలు తిరగేశాడు. బయటి ఊళ్లలో ఆటకు రెండే.

"ఇక్కడేమైంది వీడికి?"

"వాడికేం కాలేదు. వరద తీశాక నేల నేను సరిగా చదును చేయలేదు. వాడు వేసిన బంతిని కొడితే నేలబారుగానే పోతుంది, అది గతుకులకు తగిలి మనవాళ్ల చేతికి చిక్కట్లేదు."

కోల్బీ కాగితాలు మూసేశాడు. "అయితే వాణ్ణి ఉంచుతాను. నీ సంగతే చూడాలి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని రెండో బేస్ దగ్గర గతుకుల మట్టి తవ్వి చదును చేయడం మొదలుపెట్టాను.