ఉల్లిపాయల సంచి మీద మామగారు

వల సంచికి వేలాడే లేబులు అరచేతిలో సగం ఉంటుంది. పైన ఒక కన్నం, కన్నంలో దారం, దారం చివర సంచి మూతి. చదువుకునే రోజుల్లో కోడలు కథల పుస్తకాలకి అట్ట బొమ్మలు వెయ్యాలనుకుంది. ఆఖరికి అట్టముక్కలే వేస్తోంది, కాకపోతే వాటి వెనకాల కథలకి బదులు కూరగాయలున్నాయి.

అచ్చాఫీసులో ఆవిడ బల్ల వెనక గోడకి ఇన్నేళ్ళలో వేసిన లేబుళ్ళన్నీ మేకులకి వేలాడుతుంటాయి. నిమ్మకాయలు, బంగాళాదుంపలు, వెల్లుల్లి. ఫ్యాను వేస్తే చాలు, అన్నీ ఒక్కసారిగా గోడవైపు తిరిగిపోతాయి. వేలాడే లేబులు ఎప్పుడూ వీపే చూపిస్తుందని ఆవిడకి మొదటి ఏడాదే తెలిసిపోయింది. ముందువైపు ఎంత అందంగా వేస్తే అంత పట్టుదలగా వెనక్కి తిరుగుతుంది. ఈ సంగతి మాత్రం లేబుళ్ళు వేయించుకునేవాళ్ళ దగ్గర అనకూడదని అచ్చాఫీసు యజమాని అప్పుడే చెప్పి ఉంచాడు.

ఒక రోజు ఉల్లిపాయల ఆసామి వచ్చాడు. ఆయన రైతుల దగ్గర కొని, ఎర్ర వల సంచుల్లో కట్టి, పెద్ద దుకాణాలకి పంపిస్తాడు.

"లేబులు మీద రైతు మొహం ఉండాలమ్మా. చూడగానే నమ్మకం కలగాలి," అన్నాడు.

"మీ రైతు ఫొటో పంపించండి, వేసేస్తాను."

పంపించాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మోటారు సైకిలు మీద వెనక్కి వాలి, రెండు వేళ్ళు చూపిస్తున్నాడు రైతు. ఆ ఉల్లిపాయలు నిజంగా ఆయన పండించినవే.

"ఈయన్ని చూస్తే నమ్మకం కలగదండీ," అంది కోడలు మొహమాటంగా.

"నాకే కలగదు. కాస్త పెద్దాయన కావాలి. నెరిసిన మీసం, అబద్ధం చెప్పని కళ్ళు. రేపు మధ్యాహ్నానికల్లా అచ్చుకెళ్ళిపోవాలి."

నెరిసిన మీసం, అబద్ధం చెప్పని కళ్ళు రెండూ కలిపి ఉన్న మనిషి ఆవిడకి తెలిసినంతలో ఒక్కరే. ఆయన ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఆ రోజు పేపరు మూడోసారి చదువుతుంటారు.

మామగారు ఒక పెద్ద ఆఫీసులో గుమాస్తాగా ఎక్కి, ముప్ఫై నాలుగేళ్ళ తరవాత సూపరింటెండెంటుగా దిగారు. మట్టి ఆయన చెప్పులకి తప్ప ఎక్కడా అంటలేదు. రిటైరయ్యాక ఫోను మోగడం మానేసింది. ఇంట్లో ఏ విషయమొచ్చినా ఆయన అభిప్రాయం చెప్పేవారు, అందరూ శ్రద్ధగా వినేవారు, విన్నాక ఎవరికి తోచింది వాళ్ళు చేసుకునేవారు. ఆఫీసులోనూ ఇంతే, కాకపోతే అక్కడ కింద సంతకం పెట్టించుకునేవారు.

"మామయ్యా, మీ ఫొటో ఒకటి వాడుకోనా? చిన్న పనే."

"దేనికమ్మాయ్?"

"ఉల్లిపాయలకి."

మామగారు ఆలోచించారు. ఏ కాగితం వచ్చినా మూడు రోజులు ఆలోచించడం ఆయన ఉద్యోగధర్మం. కోడలికి అంత వ్యవధి లేదు కాబట్టి మూడు నిమిషాల్లో ముగించి, "పాస్‌పోర్టు సైజు సరిపోతుందా?" అన్నారు.

కంప్యూటర్లో కోడలు ఆయన కోటు విప్పేసి, చొక్కా చేతులు పైకి మడిచి, నెత్తిన గడ్డి టోపీ పెట్టి, వెనకాల ఓ ఆరెకరాల పొలం పరిచింది. కింద "నా చేత్తో పండించాను" అని ఆసామి రాయించాడు. వెనకవైపు బరువు, చిరునామా, సంచి కట్టిన తేదీ. తేదీని తేదీలా కాకుండా నాలుగు అక్షరాలు, ఆరు అంకెల గుర్తులా, అదీ చీమ తల కంటే చిన్నగా వెయ్యమన్నాడు ఆసామి. "ఎందుకండీ అంత చిన్నగా?" అని కోడలు అడగలేదు. జీతానికి పనిచేసేవాళ్ళు అడగని ప్రశ్నల్లో అదొకటి.

మొదటి సంచి ఇంటికొచ్చిన రోజు అత్తగారు లేబులు చేత్తో పట్టుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు.

"ఉల్లిపాయకి తొక్క తియ్యడం రాని మనిషి, పండించేశారట! అమ్మాయ్, ఈయన చేత్తో ఈ ఇంట్లో పండినదల్లా పేపర్ల కట్టలే."

"నువ్వుండవే," అన్నారు మామగారు. ఆయన చూపంతా టోపీ మీదే ఉంది. "ఇది ఎవరిదమ్మా?"

"కంప్యూటరుది మామయ్యా."

"నాకు నప్పిందే."

మర్నాడు ఆయన ఒక గడ్డి టోపీ కొనుక్కొచ్చారు. ఎండ కోసమని చెప్పారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

అక్కణ్ణించి ఆయనకి మళ్ళీ ఆఫీసు దొరికినట్టయింది. పొద్దున్నే గడ్డం గీసుకుని, టోపీ పెట్టుకుని, సరిగ్గా పదింటికి వీధి చివరి పెద్ద దుకాణానికి వెళ్ళేవారు. ఉల్లిపాయల సంచులన్నీ కొక్కేలకి వరసగా వేలాడుతుంటాయి. లేబుళ్ళన్నీ యథాప్రకారం వీపులు చూపిస్తుంటాయి. మామగారు వరస మొదట నిలబడి ఒక్కొక్కటే ముందుకి తిప్పుకుంటూ వెళ్ళేవారు. ఆఖరిదానికి చేరేసరికి మొదటిది మళ్ళీ వెనక్కి తిరిగి ఉండేది. ఆయన మళ్ళీ మొదటికి వచ్చేవారు. ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు తిప్పినవారికి ఇది కష్టమనిపించలేదు.

కొనేవాళ్ళు ఆగి చూసేవారు, లేబులునీ ఆయన్నీ. "మీరేనా?" అనేవారు. ఆయన అవుననేవారు కాదు, కాదనేవారు కాదు, టోపీ సర్దుకునేవారు. వారం తిరిగేసరికి దుకాణంలో అందరికీ ఆయన ఉల్లి తాతగారు. ఏవి నిలవుంటాయి, ఏవి ఉండవు అని అడుగుతున్నారు. జవాబు తెలియకపోవడం మామగారికి నామోషీ. గ్రంథాలయానికి వెళ్ళి చదివారు, నోట్సు రాసుకున్నారు, బాల్కనీలో పగిలిన బకెట్టులో మట్టి పోసి మూడు ఉల్లిపాయలు పాతారు. ఒకటి కుళ్ళింది, ఒకటి ఏమీ చెయ్యలేదు, మూడోది మొలిచింది. మొలిచినరోజు ఆయన ఊళ్ళో ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేశారు.

బంధువులు ఊరుకుంటారా? ఆడపడుచు పనిగట్టుకుని వచ్చి, "వదినా, మా ఆయన మొహం మాత్రం బాగుండదా ఏంటి? ఏ బంగాళాదుంపలకో వేయించకూడదూ?" అంది. ఆయన మొహానికి బంగాళాదుంపలు సరిగ్గా సరిపోతాయని కోడలికి అనిపించింది కాని, అనలేదు.

అలా ఓ రెండు నెలలు గడిచాక, ఒక పొద్దున దుకాణంలో ఒకావిడ గబగబా మామగారి దగ్గరికి వచ్చి ఎర్ర సంచి ఎత్తి చూపించింది. సగం ఉల్లిపాయలు మెత్తబడి నీళ్ళు కారుతున్నాయి.

"నిన్ననే కొన్నా తాతగారూ. మీ మొహం చూసే కొన్నా," అంది. తిట్టలేదు. తిడితే ఆయనకి అంత బాధనిపించేది కాదు.

మామగారు టోపీ తీశారు. మంచి సంచి ఒకటి ఏరి ఆవిడకి కొనిచ్చి, కుళ్ళిన సంచి తను పట్టుకుని ఇంటికొచ్చారు. మర్నాడు మరో రెండు తెచ్చారు. ఎవరికి కుళ్ళినవి వెళ్ళినా ఆయన మార్చి ఇస్తున్నారు. నాలుగో రోజుకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగారు.

"మీరేమన్నా పండించారా, మీరేమన్నా అమ్మారా? మీకెందుకండీ ఈ గోల?" అన్నారు అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"పండించానని రాసుందిగా. పైన నా మొహం ఉందిగా," అన్నారు మామగారు. తరవాత కోడలివైపు తిరిగి, "అమ్మాయ్, ఈ వెనకాల చీమలబారులా ఉన్నదేంటి?" అని అడిగారు.

"సంచి కట్టిన తేదీ మామయ్యా."

"తేదీ ఇలా ఉంటుందా?"

కోడలు నేల చూసింది. "అలా వెయ్యమన్నారు. నేనే వేశాను."

ఆయన భూతద్దం తెచ్చుకుని, తన నోట్సు పక్కన పెట్టుకుని, కోడలి చేత ఆ గుర్తు విప్పించుకుని, కుళ్ళిన సంచులన్నీ కట్టి రెండు నెలలు దాటినవని తేల్చారు. మధ్యాహ్నం భోజనం చేశాక బల్ల దగ్గర కూర్చుని, తెల్ల కాగితం మీద మార్జిను గీసుకుని, ఆసామికి ఉత్తరం రాశారు. "విషయం: సంచులలో ఉల్లిపాయలు చెడిపోవుట, తేదీ కనబడకపోవుట గురించి." నాలుగు పేరాలు, ఒక్క తిట్టు లేదు. చివర ఎప్పటి అలవాటు కొద్దీ, "ప్రతి: దుకాణం మేనేజరుగారికి, సమాచారం నిమిత్తం" అని రాసి, ఆ ప్రతి మేనేజరు చేతికిచ్చి వచ్చారు.

పని జరిగింది ఆ ప్రతివల్లే. కుళ్ళిన సంచుల గురించి జనం చేత మాటలు పడుతున్న మేనేజరు ఆ కాగితం పట్టుకుని ఆసామికి ఫోను చేశాడు. తేదీ అందరికీ కనబడేటట్టు వేస్తేనే సంచులు కొక్కేనికి ఎక్కుతాయన్నాడు.

ఆసామి ఆ సాయంత్రమే అచ్చాఫీసుకి వచ్చి కూలబడ్డాడు.

"తేదీ పెద్దగా వెయ్యమ్మా, చేసేదేముంది. కానీ ఆ పెద్దాయన్ని తీసెయ్. మనిషిని పెడితే మాట్లాడుతున్నాడు. మాట్లాడనిది ఏదన్నా పెట్టు. నవ్వే ఉల్లిపాయ బొమ్మ ఉంటే చాలు."

"ఆయన మా మామగారండీ."

"అయ్యో, అలాగా!" అన్నాడు ఆసామి నొచ్చుకుంటూ. "మంచి మనిషిలా ఉన్నారమ్మా. అందుకే చెప్తున్నా, తీసెయ్."

మర్నాడు ఉల్లిపాయకి కళ్ళు, నోరు పెట్టడానికి కోడలికి పది నిమిషాలు పట్టింది. మామగారి మొహం చెరపడానికి పూటంతా పట్టింది. తెర మీద ముందు టోపీ తీసింది, పొలం తీసింది. కోటు లేకుండా, టోపీ లేకుండా మిగిలిన ఆ మొహం మరీ చిన్నగా కనబడింది. రిటైరైన మర్నాడు కుర్చీలో ఇలాగే కూర్చున్నారని ఆవిడకి గుర్తొచ్చింది. మళ్ళీ ఆ కుర్చీలోకి ఆయన్ని తనే తోసేస్తున్నట్టు అనిపించింది.

కొత్త లేబులు ప్రూఫు చేతిసంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళేసరికి మామగారు బాల్కనీలో బకెట్టుకి నీళ్ళు పోస్తున్నారు.

"నా ఉత్తరానికి జవాబొచ్చిందామ్మా?" అన్నారు వెనక్కి తిరక్కుండానే.

"వచ్చింది మామయ్యా," అని కోడలు ప్రూఫు అందించింది.

ఆయన ఎర్ర పెన్సిలు తెచ్చుకుని, అలవాటుగా కాగితం వెనకవైపు ముందు చూశారు. ఆఫీసులో ఆర్డర్లు వెనకవైపే ఉండేవి. లేబులు వీపంతా నల్లటి అక్షరాలతో ఒకటే మాట: సంచి కట్టిన తేదీ. రోజు, నెల, ఏడు.

"ఎంత సైజు పెట్టావ్?"

"ముందువైపు మీ మొహానికి ఎంత జాగా ఇచ్చామో అంత."

ఆయన పెన్సిలుతో కొలిచి చూసుకున్నారు. అప్పుడు ముందుకి తిప్పారు. ఉల్లిపాయ నవ్వింది. మామగారు చాలాసేపు దాన్ని చూశారు.

"నన్ను తీసేశారన్న మాట."

"నేనే తీశాను మామయ్యా."

అత్తగారు వెనకనించి తొంగిచూసి, "మీకంటే ఇదే నయం. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది," అన్నారు. అని ఊరుకోలేదు, లోపలికి వెళ్ళి బీరువా తెరిచారు. తిరిగొచ్చి రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి ఆయన ఒళ్ళో పడేశారు. ఇంటికొచ్చిన ప్రతి సంచి నించీ కత్తిరించి దాచిన లేబుళ్ళు. నలభై పైనే ఉన్నాయి. అన్నిట్లోనూ టోపీ.

"పారెయ్యబోయి మర్చిపోయాను," అన్నారావిడ, వంటింట్లోకి వెళ్ళిపోతూ.

మామగారు కట్ట విప్పలేదు. దాన్ని జేబులో పెట్టుకుని, ప్రూఫు మళ్ళీ వెనక్కి తిప్పి తేదీ వైపు చూశారు.

"ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళలో నోట్లు రాశానమ్మాయ్," అన్నారు. "పైవాళ్ళు అన్నీ చదివారు, సంతకాలు పెట్టారు, బీరువాల్లో పెట్టారు. రాసింది రాసినట్టు జరిగినది ఇదొక్కటే." ఎర్ర పెన్సిలుతో ప్రూఫు మూల "చూశాను" అని రాసి, కింద సంతకం పెట్టారు.

కొత్త లేబుళ్ళు వచ్చిన రోజు కోడలు ఆఫీసుకి వెళ్తూ దుకాణంలోకి తొంగిచూసింది. పదయింది. మామగారు కొక్కేల దగ్గరే ఉన్నారు, టోపీ లేదు. చాలా లేబుళ్ళు వాటంతటవే వీపులు చూపిస్తూ తేదీలు కనబడుతున్నాయి. ఎక్కడో ఒకటీ అరా ముందుకి తిరిగి నవ్వుతున్నాయి. ఆయన వరసలో నడుస్తూ వాటిని మాత్రం వెనక్కి తిప్పుతున్నారు. ఈసారి తిప్పినవి తిప్పినట్టే ఉన్నాయి.

బుట్ట పట్టుకున్న ఒకావిడ ఆగింది. "మీరు పాత సంచుల మీద ఉన్న రైతుగారు కదూ?"

"కాదమ్మా," అన్నారు మామగారు. "నేను గుమాస్తాని. ఈ సంచి నిన్న కట్టారు, తీసుకో."