పత్తిచేలో పాలపిట్ట

భార్య పోయాక కెమెరా పట్టిన రిటైర్డ్ లెక్చరరు కుటుంబరావుకు, ఆశ్వయుజం ఎండలో వత్సవాయి డొంక పక్కన మొదటిసారి పాలపిట్ట చిక్కింది. పత్తిచేలో దిష్టిబొమ్మ తలమీద వాలిన దాన్ని ఫోటో తీశాడో లేదో, రైతు భవానీప్రసాద్ కర్రతో అడ్డం వచ్చాడు.

"ఏవయ్యా, కాపు మీదున్న చేనుకి కెమెరా పెడతావా?"

"చేనుకి కాదండీ, పిట్టకి."

"పిట్ట వెనకున్నది నా పత్తే కదా! దిష్టి కొడితే?"

"బొమ్మ పెట్టారుగా అండీ."

"అది మనుషుల కళ్ళకి, కెమెరాకి కాదు. ఆ ఫోటో చెరిపెయ్!"

కుటుంబరావు ఆ ఒక్క ఫోటోనూ చెరిపేశాడు.

"మళ్ళీ ఇటొస్తే కాళ్ళు విరగ్గొడతా."

కుటుంబరావు కాలిబాటలోకి దిగాడు.

"అటెక్కడికి? ముళ్ళకంప ఉంది, గట్టుమీద పో!" కర్ర దించకుండానే కసిరాడు భవానీప్రసాద్.

ఆ మాత్రం దయకే దణ్ణం పెట్టి కుటుంబరావు గట్టెక్కాడు.